ఎవరి కుడి

ఇంకో గంట ముట్టుకోకూడదు. జిగురు పెట్టె మీద రాసి ఉన్నదీ అదే, ముప్పయ్యెనిమిదేళ్ళ అనుభవం చెబుతున్నదీ అదే. బొమ్మబండి ముందు ఇరుసు ఇప్పుడే అతికింది, అతికింది అనుకోవడమే గానీ ఇంకా అతకలేదు, ఊపిరి గట్టిగా వదిలితే పక్కకు ఒరిగేట్టుంది. ఊరందరికీ కట్టుడుపళ్ళు చేసే పళ్ళక్క చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కుర్చీని బల్లకు కాస్త దూరం జరుపుకుని కూర్చుంది. గోడ మీద గడియారం మూడూ ఇరవై. తమ్ముడు నాలుగున్నరకు వస్తాడు. "నాలుగున్నరకల్లా తీసుకొచ్చేస్తాను వదినా, ఆయన సంగతి మీకు తెలుసుగా, అయిదు నిమిషాల ముందే బూట్లేసుకుని గుమ్మంలో నిలబడతారు," అంది మరదలు ఫోన్లో. తెలుసుగా అంటే తెలుసు అనే చెప్పింది. ఏం తెలుసు, ఆమెకు తెలిసిన తమ్ముడు ఎప్పుడూ ఆలస్యమే, ఆదివారం పొద్దున్నే రేసులకని పాత రన్‌వే దగ్గరికి వెళ్ళాలంటే వాణ్ణి కాళ్ళు పట్టుకుని మంచం మీదినుంచి లాగాల్సి వచ్చేది, ఒక మేజోడు ఆమె తొడుగుతుంటే రెండోదాని కోసం వాడు కళ్ళు మూసుకునే మంచమంతా తడుముకునేవాడు. అయిదు నిమిషాల ముందే తయారయ్యే మనిషెవరో ఆమెకు తెలియదు. ఆ మనిషి చాలా మర్యాదస్తుడు.

ఆ మర్యాదే ఆమె ప్రాణం తీస్తోంది. ఇరవై రెండేళ్ళుగా వాడు ఆమెను మీరు అంటున్నాడు. చుట్టాలంతా మురిసిపోతారు, ఈ రోజుల్లో అక్కను మీరు అనే తమ్ముళ్ళు ఎక్కడున్నారమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి అని. ఆమె నవ్వి ఊరుకుంటుంది. మాటలు వచ్చినప్పటినుంచీ నువ్వు అన్నవాడు, ఏమే అన్నవాడు, ఒసే అక్కా అన్నవాడు, కోపమొస్తే నీ మొహం అన్నవాడు, ఒకనాటి మధ్యాహ్నం ఒక్క వాక్యంలో మీరులోకి మారిపోయాడంటే దాన్ని మర్యాద అనరని వాళ్ళకేం తెలుసు. ఇప్పుడు అక్కగారూ అంటాడు. ఆమెకు కడుపులో ఆపరేషనైనప్పుడు ఆసుపత్రికి వచ్చాడు, మంచం పక్కన నిటారుగా కూర్చున్నాడు, మందులు వేళకు వేసుకుంటున్నారా అని అడిగాడు, సంచీడు పళ్ళు బల్ల మీద పెట్టాడు. పాత తమ్ముడైతే పళ్ళక్కకు పళ్ళు తెచ్చానే అని వార్డంతా వినబడేలా అరిచేవాడు. వాడి పెదవి కొసన ఆ మాట వచ్చిందనీ, వాడు దాన్ని మింగేశాడనీ ఆమెకు ఇప్పటికీ నమ్మకం. తిట్టినా బాగుండేది. మాట్లాడ్డం మానేసినా బాగుండేది, మానేసినవాణ్ణి బతిమాలుకోవచ్చు. మర్యాదగా మాట్లాడేవాణ్ణి ఏమని బతిమాలతారు. ఇవాళ వాడు దీన్ని చేతుల్లోకి తీసుకుని బాగా చేశారు అంటాడా, బాగా చేశావు అంటాడా. తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం కోసమే పదకొండు నెలలుగా ఈ బల్ల ముందు నడుము విరగ్గొట్టుకుంటోంది.

బల్ల మీద మిడత ఉంది, జానెడు పొడవు. అసలు మిడత పదిహేడు అడుగులు. అడుగుకు అర అంగుళం చొప్పున కుదిస్తే ఇంతే అయింది. పాతకాలపు డ్రాగ్ రేసు బండి. ముందు సైకిలువి కాబోలు అనిపించే సన్నటి చక్రాలు రెండు, వాటినుంచి వెనక్కి పొడుగ్గా సాగిన రెండు ఇనుప గొట్టాలు, వాటిమీద ఏ కప్పూ లేకుండా బట్టబయలుగా ఇంజను, ఇంజను నెత్తిన గాలి మింగే పెద్ద నోరు, దాని వెనకాల గాడులేమీ లేని నున్నటి లావు టైర్లు, ఆ టైర్లకు మధ్య, అన్నింటికంటే చివర, డ్రైవరు. వెనక కాళ్ళు బలిసి ముందంతా పీలగా ఉంటుంది కనుక మిడత అని పేరు పెట్టింది ఆమే, ఆకుపచ్చ రంగు వేసింది వాడు. పావుమైలు తిన్నగా, ఒక్క మలుపు లేకుండా, కన్ను మూసి తెరిచేలోగా పోవడానికి పుట్టిన బండి అది, ఆ తర్వాత దానికి ఈ లోకంలో పనేమీ లేదు. వీళ్ళ చేతికొచ్చేసరికే దాని వయసు ముప్పయ్యేళ్ళు. కొత్తగా వచ్చే బండ్లన్నిట్లో ఇంజను డ్రైవరు వెనక్కి వెళ్ళిపోయింది, దీన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. తమ్ముడు పనిచేసే లేతు షాపు మేస్త్రి ఎక్కడో గడ్డిలో పడి ఉన్న ఫ్రేము చూసి లారీలో వేసుకొచ్చాడు. తమ్ముడు లేతు మీద ప్రతి మరా, ప్రతి బుష్షూ మళ్ళీ తయారుచేశాడు. వాడి వేళ్ళు ఎలాంటివంటే, కొలిచే పరికరం పక్కన పెట్టి, తిరిగిన కడ్డీ మీద బొటనవేలు ఒక్కసారి రాసి, తలవెంట్రుకంత ఎక్కువుంది మేస్త్రీ అనేవాడు, కొలిచి చూస్తే తలవెంట్రుకంతే ఎక్కువుండేది.

కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పాకింది, ఇరుసు మీదికి రాకుండా ఆమె ఒక అట్టముక్క అడ్డం నిలబెట్టింది. ముట్టుకోలేదు, అట్టను మాత్రమే ముట్టుకుంది. ఆ రన్‌వే మీద ఇంతకు పదింతలు ఎండ. విమానాలు మానేసి ఎన్నేళ్ళయిందో గానీ సిమెంటు పలకల సందుల్లో గడ్డి మొలిచి ఉండేది, ముందురోజు సాయంత్రం వెళ్ళి అది పీకడం కూడా ఆమె పనే. పరుగుకు ముందు నీళ్ళు చల్లిన చోట వెనక చక్రాలు గిర్రున తిప్పి టైర్లు వేడెక్కించాలి. కాలిన రబ్బరు పొగ తెల్లగా లేచి మనిషికి మనిషి కనబడడు, ఆ ఊపులో బండి బయల్దేరే గీత దాటి యాభై గజాలు ముందుకు పోయి ఆగుతుంది. మళ్ళీ గీత దగ్గరికి రావాలి. మిడతకు వెనక్కి వెళ్ళే గేరు లేదు. ఆమే మేస్త్రీ పొగలోంచి పరుగెత్తి, బండి ముందుకు వెళ్ళి, ముక్కు దగ్గర చెరో గొట్టం పట్టుకుని, వాడికి ఎదురుగా నిలబడి వెనక్కి నెట్టేవాళ్ళు. ఆమె కుడిచెయ్యి గొట్టం మీద, ఎడమచెయ్యి గాల్లో. అతుకు దగ్గర ఇనుము గరుగ్గా ఉండి అరచెయ్యి గీరుకుపోతుంటే ఒకనాడు వాడే నాలుగు వేళ్ళ వెడల్పున నల్లటి గుడ్డ టేపు చుట్టాడు, ఇదిగో నీ సింహాసనం అని. పోయిన దారిలోనే, టైర్లు పూసిన నల్లటి చారల మీదే వెనక్కి రావాలి, అంగుళం పక్కకు పోకూడదు. వాడికేమో ఇంజను అడ్డం, ఎదురుగా ఏమీ కనబడదు, తల ఒక పక్కకు బాగా వంచితే ఆ సందులోంచి కనబడేది అక్క ఒక్కతే. కళ్ళద్దాల వెనకనుంచి వాడి కళ్ళు ఆమె చేతినే చూస్తుండేవి. రా, రా, ఇంకా రా అని ఆమె. ఈ ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో, గుమ్మంలో నిలబడి రండి అని పైకి అంటూ, లోపల రా రా అనుకుంటూ.

కుడికి తిప్పు అని మొదటిరోజు ఆమె అరిస్తే వాడు ఎడమకు తిప్పాడు. తప్పెవరిదని గంటసేపు కీచులాట. ఆమె పనిలో కుడి అంటే చూసేవాళ్ళ కుడి కాదు, నోరు ఎవరిదో వాళ్ళ కుడి. పళ్ళ అచ్చు చేతికి రాగానే ఎదుటి మనిషిలోకి దూరి ఆ మనిషి కుడి ఎడమలతో ఆలోచించాలి, లేకపోతే ఎడమ కోరపన్ను కుడికి పెట్టి పంపిస్తారు. అందుకని ఆమె కుడి అంటే వాడి కుడి. వాడేమో ఎదురుగా ఉన్న మనిషి కుడి అంటోంది గనుక అది ఆ మనిషి కుడే అనుకుని, అక్క మీది ప్రేమ కొద్దీ, ఆమె కుడికి తిప్పాడు. ఇద్దరూ ఒకళ్ళ వైపునుంచి ఒకళ్ళు ఆలోచించి ఇద్దరూ తప్పారు. ఆ రోజునుంచి అదొక తంతు అయిపోయింది. ఆమె కుడికి అని అరవడం, ఆ ఇంజను హోరులో, ముఖానికి కట్టుకున్న గుడ్డలోంచి వాడు "ఎవరి కుడి?" అని గావుకేక పెట్టడం, ఆమె "నీ కుడిరా మహానుభావా!" అనడం. తెలిసి కూడా అడిగేవాడు. చూడటానికి వచ్చిన జనం కూడా ఎవరి కుడి అని అందుకునేవాళ్ళు. మీ కుడి ఎడమలు తేలేలోగా సీసాడు పెట్రోలు ఆవిరైపోతుందర్రా అని మేస్త్రి నెత్తి కొట్టుకునేవాడు. ఆమె ఆ పొగలో, ఆ మంటల వాసనలో, పెళ్ళీ పెటాకులూ లేని ముప్పయ్యారేళ్ళ మనిషి, తన కన్నా సుఖంగా ఉన్నవాళ్ళు భూమ్మీద లేరనుకునేది. అది ఎంత నిజమో అప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది.

మూడూ నలభై. కింద దర్జీ షాపులో మిషను ఆగి ఆగి కుడుతోంది. ఆ ఆఖరి పరుగులో గొడుగు విచ్చుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైంది, బండి వెనకాల కట్టిన బట్ట గొడుగు, దాంతోనే బండి ఆగాలి; పావుమైలు దాటి, ఆగే దూరమూ దాటి, మిడత ఇసుకలోకి వెళ్ళి రెండు పల్టీలు కొట్టింది. వాడు బతికాడు. కాలు రెండుచోట్ల విరిగింది, ముందుపళ్ళు మూడు పోయాయి. అమ్మా నాన్నా అప్పటికే లేరు, వాణ్ణి పెంచింది ఆమే. ఆసుపత్రి మంచం మీద, ముఖమంతా వాచిపోయి, ఆ మూడు పళ్ళ సందులోంచి గాలి పోతుంటే వాడు అన్న మొదటి మాట, కాలు అతుక్కోగానే మల్లీ ఎక్కుతానే. మళ్ళీ అనడం కూడా రాలేదు, మల్లీ అన్నాడు. ఇంటికొచ్చాక రాత్రీపగలూ ఆమెకు అదే వినబడింది. బండి కాగితాలు ఆమె పేరున ఉన్నాయి, ఈ రాతకోతలు నా వల్ల కాదు నీ పేరున పెట్టు అని వాడే పెట్టించాడు. బండి పెట్టిన షెడ్డు తాళంచెవి ఆమె దగ్గర ఉంది. నాలుగో రోజున గ్యాసు కటింగు చేసే మనిషిని పిలిపించింది. మేస్త్రికి కూడా చెప్పలేదు. ఫ్రేము అంత పెద్ద పల్టీల్లోనూ వంగలేదు, రెండు నెలలు కూర్చుంటే మళ్ళీ పరుగెత్తేదే. ఆమె గుమ్మంలో నిలబడి కోయించింది. ముక్కు దగ్గరి గొట్టాలు కోస్తుంటే టేపు కాలిన వాసన వచ్చింది, అప్పుడు మాత్రం ముఖం తిప్పుకుంది. ఏదన్నా ముక్క ఉంచుకుంటారామ్మా అని ఆ మనిషి అడిగాడు, మంచివాడు. వద్దంది. ఊరందరి నోళ్ళకూ అచ్చు తీసి పెట్టుకునే మనిషి, మళ్ళీ కావాల్సి వస్తుందేమోనని పదేళ్ళ కిందటి అచ్చులు కూడా పారేయని మనిషి, దానికి మాత్రం ఒక్క ముక్క ఉంచుకోలేదు.

వాడు ఆరు వారాలకు కర్రలమీద వచ్చాడు. ముందు షెడ్డుకే వెళ్దామన్నాడు. ఆమె దారిలో చెబుదామనుకుంది, చెప్పలేదు. తలుపు తీస్తే నేలమీద పదిహేడు అడుగుల మేర నూనె మరక. వాడు దాని చుట్టూ కర్రలతో ఒకసారి తిరిగాడు, మరకను తొక్కకుండా తిరిగాడు, వెనక చక్రాలు ఉండాల్సిన చోటికి వచ్చి ఆగాడు. తర్వాత ఆమె వైపు చూసి, చాలా నెమ్మదిగా, "మీరు చేసింది మంచిదే," అన్నాడు. అంతే. ఆ మాటలో మంచిదే అన్నది ఆమెకు వినబడనే లేదు, ఆ మొదటి రెండక్షరాలే వినబడ్డాయి, వెనక ఇంకెవరన్నా నిలబడ్డారేమోనని తిరిగి చూసింది కూడా. వాడు ఆ తర్వాత బతికే ఉన్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, సుబ్బరంగా యాభై దాటుతున్నాడు, అదే కదా ఆమె కోరుకున్నది. భయం తీరింది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆమె చేసినదానికి చింతించలేదని అందరితోనూ అంటుంది. అడక్కుండా చేసినదానికి చింతించని రోజు ఒక్కటీ లేదని ఎవరితోనూ అనలేదు. ఒక్కసారి అడిగి ఉంటే వాడు గొడవపడేవాడు, అరిచేవాడు, నీ మొహం అనేవాడు, చివరికి ఒప్పుకునేవాడేమో. ఒప్పుకోకపోయినా నువ్వు అనేవాడు.

నాలుగు కావస్తోంది. ఇరుసు ఎలా ఉందో వంగి చూసింది, ఊపిరి బిగబట్టి. కదల్లేదు. ఫ్రేముకు వాడింది పళ్ళకు కట్టే గట్టి తీగ, ముందు చక్రాల పుల్లలు ఎత్తుపళ్ళు సరిచేసే సన్న తీగ, ఇంజను మైనంతో చెక్కి లోహంలో పోత పోసింది, కిరీటాలు పోసినట్టే, లావు టైర్లు చిగుళ్ళ రంగు పదార్థంతో చేసి నలుపు వేసింది. చిగుళ్ళతో టైర్లు, తెలిస్తే వాడు నవ్వుతాడు, పాతవాడైతే. మూడే ఫొటోలున్నాయి, మూడింట్లోనూ ముక్కు దగ్గర ఎవరో ఒకరు అడ్డంగా నిలబడి పళ్ళికిలిస్తున్నారు. మిగిలిందంతా జ్ఞాపకం మీదే; గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు పని పుస్తకం వెనకపేజీల్లో రాసుకుంటూ వచ్చింది. ఆకుపచ్చ రంగు సరిగ్గా కుదరడానికే రెండు నెలలు పట్టింది, ఎనిమిది రకాల ఆకుపచ్చలు కలిపి పారబోసింది. అది కుదిరిన వారంలోనే మరదలు ఫోన్. "వదినా, మీకు చెప్పొద్దన్నారు, ఆయనకు కళ్ళు పోతున్నాయి. మధ్యలో నల్లగా మచ్చలాగా అడ్డమొస్తోందిట, అంచుల్లో మాత్రం కాస్త ఆనుతోంది. తల పక్కకు పెట్టి చూస్తున్నారు. లేతు మానేశారు." ఆమె ఫోన్ పెట్టేసి ఆ ఆకుపచ్చను చూస్తూ కూర్చుంది. ఏడ్చింది కూడా, దాచడం దేనికి. తర్వాత లేచి, కళ్ళు మూసుకుని మిడతను చేతుల్లోకి తీసుకుంది.

కళ్ళు ఎంత అబద్ధాలు చెబుతాయో అప్పుడు తెలిసింది. కంటికి ముత్యాల్లా ఉన్న పొగగొట్టాలు ఎనిమిదీ వేలికి ఎనిమిది రకాలుగా తగిలాయి. సీటు మరీ లోతు. చుక్కాని, అదే స్టీరింగు, గుండ్రటిది కాదు, పైనా కిందా కోసేసి రెండు రెక్కలు మిగిల్చినది, దాని అంచు వాడు మెత్తగా సానపట్టుకున్నాడు, ఈమెదేమో కోస్తోంది. అంతా విప్పింది. అప్పటినుంచీ ఇక రంగు సంగతి పట్టించుకోలేదు. కళ్ళకు గంతలు కట్టుకుని, వేళ్ళతో చూసుకుంటూ మళ్ళీ చేసింది. ఇంజను పక్క వాడు దెబ్బకొట్టి సొట్ట పెట్టిన చోట సొట్ట. ఫ్రేములో మేస్త్రి అతికిన అతుకులు నున్నగా, వాడు అతికినవి కాస్త బుడిపెలుగా. ఆఖరున, నిన్న సాయంత్రం, పుస్తకంలో రాసుకున్న చివరి పంక్తి చూసి, ముక్కు దగ్గర కుడి గొట్టానికి టేపు, దెబ్బలకు వేసే పట్టీని దారమంత సన్నగా చీల్చి, పట్టుకారుతో మూడు చుట్లు, అర బియ్యపుగింజ మేర. అది తన చెయ్యి ఉండే చోటు. బండి మొత్తం మీద తనది అనదగ్గది అదొక్కటే.

మరదలు మళ్ళీ ఫోన్ చేసింది, ఆయన పళ్ళ ప్లేటు విరిగింది వదినా, మీకివ్వమంటే మొహమాటపడుతున్నారు, నేనే తెస్తాను అని. ఆ పిల్లకు అన్నీ తెలుసు, ఏమీ తెలియనట్టు ఉంటుంది. అలా వాడి నోరు ఈ బల్ల మీదికి వచ్చింది, డాక్టరు తీసిన అచ్చులో ప్లాస్టరు పోసి, తెల్లగా, దవడలతో సహా. అరలో ఉంది ఇప్పుడు కూడా. తమ్ముడి నోట్లోంచి నువ్వు అన్న మాట రావడం లేదు గానీ ఆ నోరు మొత్తం ఆమె దగ్గరే ఉంది. అంగిలి మీది మడతలు కూడా తెలుసు. చిన్నప్పుడు గోలీ మింగబోతే ఆమె వేలు పెట్టి తీసిన నోరు. కొత్త ప్లేటు గ్లాసులో నీళ్ళలో వేసి సిద్ధంగా పెట్టింది, ఇవాళ వాడు వచ్చేది దాని కోసమే, బండి ఉందని వాడికి తెలియదు. ఇవ్వకుండా పంపించేస్తే. ఇంకా ఆలస్యం కాలేదు, గుడ్డ కప్పేసి, పళ్ళు చేతిలో పెట్టి, జాగ్రత్తగా వెళ్ళిరండి అంటే సరిపోతుంది, ఇరవై రెండేళ్ళు ఎలా గడిచాయో మిగిలిందీ అలాగే గడుస్తుంది. కోసి పారేసినదాని బొమ్మ చేసి ఇవ్వడం వెక్కిరింత కాదూ. చాలా బాగా చేశారండీ అక్కగారూ అంటాడు, తిరిగి బల్ల మీద పెడతాడు. ఆ మాట వింటే ఇక ఈ జన్మకు చాలు. గుడ్డ చేతిలోకి తీసుకుంది, కప్పబోయింది, జిగురు ఇంకా తడిగా ఉంటే గుడ్డ అంటుకుంటుంది, అంతా పాడవుతుంది, అందుకని ఆగింది. గడియారం చూసింది. నాలుగూ ఇరవై అయిదు. జిగురు ఆరి అయిదు నిమిషాలైంది. మెట్ల మీద అడుగులు.

"రండి," అంది. మరదలు ముందు, వాడు వెనక, ఒక చెయ్యి గోడ మీద. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గుమ్మంలో ఆగి తల ఎడమపక్కకు బాగా వంచి ఆమెను చూశాడు. ఆ తల వంచడం ఆమెకు తెలుసు, ఇంజను పక్కనుంచి అక్కను వెతుక్కునే తల అది.

"బాగున్నారా అక్కగారూ."

"బాగున్నాను. కూర్చోండి... కూర్చో." వాడు కూర్చున్నాడు. మరదలు పళ్ళ గ్లాసు కోసం చూస్తోంది. ఆమె దాన్ని ఇవ్వలేదు. ఏం చేస్తున్నదో తెలిసేలోపే రెండు చేతులతో మిడతను ఎత్తి, బయల్దేరే గీత మీద పెట్టినంత జాగ్రత్తగా, వాడి ఒళ్ళో పెట్టింది, తోక వాడి వైపు, ముక్కు తన వైపు.

వాడు ఏమిటని అడగలేదు. వేళ్ళు వెనక టైర్ల మీద పడ్డాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి, టైర్లనుంచి సీటుకు, సీటునుంచి చుక్కానికి, చుక్కాని రెక్క అంచు మీద బొటనవేలు ఒకసారి రాసింది. పొగగొట్టాలు ఒకటి, రెండు, ఎనిమిదీ. సొట్ట దగ్గర వేలు లోపలికి దిగి, అక్కడే ఉండిపోయింది. మరదలు కిటికీ వైపు తిరిగి నిలబడింది. వేళ్ళు గొట్టాల వెంబడి ముందుకు, ముందుకు, మేస్త్రి అతుకు, వాడి అతుకు, ముక్కు దాకా వెళ్ళాయి. ఆమె చేతులు కట్టుకుని నిలబడే ఉంది, కూర్చోలేదని కూడా గుర్తులేదు. ఇప్పుడంటాడు. చేశారు అంటాడు. వాడి చూపుడువేలు టేపు దగ్గర ఆగింది. ఒకసారి వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళింది. కనుబొమలు ముడిపడ్డాయి. లేతు మీదినుంచి తీసిన కడ్డీలో వెంట్రుకంత తేడా దొరికినప్పుడు పడే ముడి.

"ఇక్కడ టేపు ఉంది."

"ఊఁ."

"కుడివైపు ఉంది."

"కుడివైపే కదా ఉండేది," అంది ఆమె.

వాడు తల ఎత్తాడు. ఎడమకు వంచాడు, ఆ చివరి అంచులోంచి ఆమెను పట్టుకున్నాడు.

"ఎవరి కుడి?"

ఆమె టేపు మీదికి వంగింది.

"నా కుడికి చుట్టావు," అన్నాడు వాడు. చిరాగ్గా అన్నాడు, పని చెడగొట్టినవాళ్ళ మీద విసుక్కున్నట్టు. "నాకెదురుగా నిలబడి నెట్టేదానివి కాదూ? నీ కుడికి కదే ఉండాల్సింది. బండికి అది ఎడమ. ఇన్నేళ్ళయినా నీకు కుడి ఎడమలు తెలిసి చావలేదు."

నోరు ఎవరిదో కుడి వాళ్ళది. ముప్పయ్యెనిమిదేళ్ళ అలవాటు, పుస్తకంలో కుడి అని చూడగానే ఆమె బండిలోకి దూరి వాడి కుడికి చుట్టేసింది. ఆ చెయ్యి తనదన్న సంగతే మరిచిపోయింది. పని జీవితంలో ఇంత ఘోరమైన తప్పు ఎప్పుడూ చేయలేదు. ఇంత సంతోషం కూడా ఎప్పుడూ కలగలేదు. చేశావు కూడా కాదు, చుట్టావు, నెట్టేదానివి, నీ కుడి, నీకు, కదే. లెక్కపెట్టుకుంటే తప్పిపోతాయని లెక్కపెట్టడం మానేసింది.

వాడికి కూడా తెలిసింది, తను ఏమన్నాడో. వేలు టేపు మీద అలాగే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి, చిన్నప్పుడు అబద్ధం దొరికితే ఎర్రబడినట్టు. మాట వెనక్కి తీసుకుంటాడేమోనని ఆమె వాడి పెదవులనే చూసింది. కింద మిషను ఆగింది.

"అడగాల్సిందిరా," అంది ఆమె. "కోయించేముందు నిన్ను అడగాల్సింది."

వాడు వేలు టేపు మీదినుంచి తీశాడు.

"అడగాల్సిందే," అన్నాడు. తర్వాత మిడతను ఆమె వైపు కాస్త జరిపి, "ఇది విప్పి చుట్టు. ఆరడానికి ఎంతసేపు?"

"గంట."

"ఏమండీ, ముందు పళ్ళు చూసుకోండి," అంది మరదలు కిటికీ వైపునుంచే, ముక్కు చీదుకుంటూ.

"పళ్ళెక్కడికి పోతాయి. పళ్ళక్క ఇంట్లోనే ఉన్నాయిగా." వాడు కుర్చీలో వెనక్కి వాలాడు, కాళ్ళు చాపుకున్నాడు, అయిదు నిమిషాల ముందే బూట్లేసుకునే మనిషి. "కూర్చుంటాను. కానివ్వు."

ఆమె పట్టుకారు అందుకుంది. వాడి ఒళ్ళోని మిడత ముక్కును తన వైపుకు సరిచేసుకుంది, వాడికి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది, పాత టేపు కొస దొరకబుచ్చుకుంది. ఏ గొట్టమో ఆమెకు బాగా తెలుసు. అయినా అడిగింది.

"ఎవరి కుడికి?"

"నీ కుడికి, మహాతల్లీ," అన్నాడు వాడు. "నీ కుడికి."